ఐర్లండ్ భూస్వాముల వంశవృక్షం: దస్తావేజుల దగ్గర మొదలుపెట్టండి

1758 అక్టోబరులో కలకత్తా నుంచి ఓడల మీద వచ్చి విశాఖపట్నంలో దిగిన కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ పేరు ఉత్తరాంధ్ర చరిత్ర చదివినవాళ్లకు తెలిసిందే. బొబ్బిలి యుద్ధం ముగిశాక తాండ్ర పాపారాయుడి చేతిలో పెద విజయరామరాజు చనిపోవడం, గద్దెనెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచివాళ్ల మీదికి ఇంగ్లీషు కంపెనీని పిలవడం, డిసెంబరులో చందుర్తి యుద్ధం, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పట్టుబడడం మన పుస్తకాల్లో ఉన్నాయి. ఫోర్డ్ ఎవరింటివాడు అన్న దగ్గర మాత్రం "ఇంగ్లీషు సేనాని" అని ఒక్క మాటతో సరిపెడతారు. ఆయనది ఐర్లండ్. కౌంటీ డౌన్‌లో సీఫోర్డ్ అనే ఊళ్లో పాతుకుపోయిన భూస్వాముల ఇల్లు.

ఇలాంటి ఇంటి వంశవృక్షం విశాఖలో కూర్చుని కట్టవచ్చు. చాలా కాగితాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, సగానికి పైగా ఉచితం. కానీ వరస తెలియాలి. మన దగ్గర వంశవృక్షం అనగానే పెద్దవాళ్లను అడిగి పేర్లు రాసుకోవడంతో మొదలుపెడతాం. ఐర్లండ్ జెంట్రీ విషయంలో ఆ పని చివర్లో చెయ్యాలి. ముందు భూమి కాగితాలు పట్టుకోవాలి. భూమి చేతులు మారేటప్పుడు ఎవరు ఎవరి కొడుకో, ఎవరు బతికున్నారో, ఎవరికి ఎంత ఇవ్వాలో తప్పు రాస్తే డబ్బు పోతుంది. అందుకే ఆ కాగితాల్లో బంధుత్వాలు జాగ్రత్తగా రాసి ఉంటాయి.

జెంట్రీ అంటే లార్డు బిరుదు లేకుండా, సొంత భూమిని కౌలుకిచ్చి ఆ రాబడి మీద బతికే కుటుంబాలు. మన జమీందారుతో పోల్చడం సులువే గానీ తేడా ఉంది. 1802 శాశ్వత పైసలా కింద మన జమీందారు సర్కారుకు పేష్కషు కట్టి శిస్తు వసూలు చేసుకునే హక్కుదారు. ఐర్లండ్ జెంట్రీది నేరుగా నేల మీద హక్కు. కాబట్టి అక్కడ సర్కారు శిస్తు లెక్కల్లో వెతికితే పని జరగదు, ఆ ఇంటి సొంత దస్తావేజుల్లో వెతకాలి.

దీనికి ఇంకో పెద్ద కారణం 1922 జూన్ 30. ఆ రోజు డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు అంతర్యుద్ధంలో పేలి కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనాభా లెక్కలు దాదాపు మొత్తం పోయాయి. వీలునామాల అసలు ప్రతులు పోయాయి. ప్రొటెస్టెంట్ చర్చి పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లు సుమారు వెయ్యి పారిష్‌లవి (ఒక్కో చర్చి కింద ఉండే ఊళ్ల పరిధిని పారిష్ అంటారు) బూడిదయ్యాయి. 1861, 1871 లెక్కలను అంతకుముందే సర్కారే నాశనం చేయించింది, 1881, 1891 వాటిని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జు చేశారు. 1901, 1911 లెక్కలు మిగిలాయి, ఐర్లండ్ నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఉచితంగా చూడొచ్చు. ఇంగ్లండ్ వంశాల మీద పనిచేసిన అలవాటుతో జనాభా లెక్కల నుంచి వెనక్కి నడుద్దామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

కాలిపోనిది రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్. 1708లో మొదలైంది, డబ్లిన్‌లోనే హెన్రియెట్టా వీధిలో వేరే భవనంలో ఉంది. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిదే. ఈసీ తీయించిన ఎవరికైనా ఇందులో ఉండే పద్ధతి త్వరగా అర్థమవుతుంది. ఐర్లండ్ ద్వీపమంతటికీ ఒక్కటే ఆఫీసు కాబట్టి, ఇప్పుడు ఉత్తర ఐర్లండ్‌లో ఉన్న కౌంటీ డౌన్ పాత దస్తావేజులకూ డబ్లిన్‌నే చూడాలి. చాలామంది బెల్ఫాస్ట్‌లో వెతికి లేవనుకుంటారు. బెల్ఫాస్ట్‌లో ప్రోనీ అనే ఉత్తర ఐర్లండ్ సర్కారు ఆర్కైవ్స్‌లో ఉండేవి ఆ ఇళ్ల ఎస్టేటు కాగితాలు. రెండూ చూడాల్సిందే.

డబ్లిన్ రిజిస్ట్రీలో దాఖలయ్యేది పూర్తి దస్తావేజు కాదు, దాని సారాంశం. దాన్ని మెమోరియల్ అంటారు. పెద్ద పుస్తకాల్లో దాని నకలు రాసి ఉంచారు. ఆ పుస్తకాల, సూచికల మైక్రోఫిల్ములు ఫ్యామిలీసెర్చ్ సైట్లో ఉచిత ఖాతా తెరిచి చూడొచ్చు. సూచికలు రెండు రకాలు. ఒకటి ఇచ్చినవాడి ఇంటిపేరు మీద, రెండోది భూమి ఉన్న కౌంటీ, ఊరి పేరు మీద. పుచ్చుకున్నవాడి పేరు మీద సూచిక లేదు. అంటే మీరు వెతికే కుటుంబం కొన్నది, కౌలుకు తీసుకున్నది పేరు సూచికలో నేరుగా దొరకదు. అమ్మినవాడి పేరు తెలిస్తే అటునుంచి, లేదా ఊరి సూచిక నుంచి పట్టుకోవాలి. 1833కి ముందు పేరు సూచికలో ఇచ్చినవాడి పేరు, పుచ్చుకున్నవాడి ఇంటిపేరు, మూడు అంకెలు తప్ప భూమి ఎక్కడుందో ఉండదు. ఆ మూడు అంకెలు వరసగా సంపుటం, పేజీ, మెమోరియల్ సంఖ్య. మూడూ రాసుకోండి. పేజీ ఒక్కటే రాసుకుని సంపుటం మరిచిపోతే మళ్లీ మొదటికి రావాలి.

ఇక్కడ జరిగే అసలు పొరపాటు తేదీలది. దస్తావేజు రాసుకున్న తేదీ వేరు, రిజిస్టరు చేయించిన తేదీ వేరు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. పెళ్లినాడు రాసుకున్న కాగితాన్ని ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత, తగాదా వచ్చినప్పుడో అప్పు తెచ్చేటప్పుడో రిజిస్టరు చేయించడం మామూలే. సూచిక నడిచేది రిజిస్ట్రేషను కాలాన్ని బట్టి. 1740లో పెళ్లయిందని తెలిసి 1740–45 మధ్య మాత్రమే చూస్తే దొరక్కపోవచ్చు. పెళ్లినాటి నుంచి కనీసం నలభై ఏళ్లు ముందుకు వెళ్లాలి. స్పెల్లింగు కూడా అంతే. ఫోర్డ్ అనే ఇంటిపేరును చివర 'ఇ' పెట్టీ పెట్టకా, 'ఓ' రెండుసార్లు వేసీ రాస్తారు. ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే ఒక కాగితం మీద వేసుకుని, ఒక్కోటి పూర్తయ్యాక టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి.

ఆ పుస్తకాల్లో దొరికే కాగితాలన్నిటిలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా కనిపించేవి పెళ్లి ఒప్పందాలు. ఒక్క మెమోరియల్‌ని దగ్గరగా చూద్దాం. పైన తేదీ. తర్వాత పక్షాలు వరసగా ఉంటాయి. మొదటి పక్షం వరుడి తండ్రి, వరుడు. రెండో పక్షం వధువు తండ్రి, వధువు. మూడో పక్షం ట్రస్టీలు, సాధారణంగా ఇద్దరు. ఒక్కోసారి రెండు జతలు. ఈ ట్రస్టీలు దారినపోయేవాళ్లు కారు. వధువు అన్నదమ్ములో, వరుడి మేనమామో, కుటుంబ వకీలో అయి ఉంటారు. కాబట్టి వాళ్ల పేర్లు కూడా విడిగా రాసుకోవాలి. ఆ తర్వాత వధువు తెచ్చే సొమ్ము ఎంత, భర్త పోతే ఆమెకు ఏడాదికి ఎంత మనోవర్తి, పెద్దకొడుకు కాక మిగిలిన పిల్లలందరికీ కలిపి ఎంత అన్నది ఉంటుంది. ఆమె మనోవర్తిని జాయించర్ అంటారు, చిన్నపిల్లల వాటాలను పోర్షన్లు అంటారు. చివర ఇద్దరు సాక్షులు, వాళ్ల ఊళ్లు.

ఆ కాగితంలో ఒక్కో మాటా ఒక్కో సమాచారం. వరుడిని "ఎల్డెస్ట్ సన్ అండ్ హెయిర్ అపారెంట్" అంటే తండ్రి అప్పటికి బతికే ఉన్నాడు. "సన్ అండ్ హెయిర్ ఆఫ్" అని, తండ్రి పేరు పక్కన "డిసీస్డ్" అని ఉంటే పోయాడు. వధువు "కోహెయిరెస్" అంటే ఆమెకు బతికున్న అన్నదమ్ములు లేరు, భూమి అక్కచెల్లెళ్ల మధ్య సమానంగా పోతోంది. అక్కడి నుంచి ఆ భూమి మీద కొత్త ఇంటిపేర్లు కనిపిస్తాయి. "సీనియర్", "జూనియర్" అన్నవి మాత్రం నమ్మొద్దు. సీనియర్ పోయిన మరునాడే జూనియర్ సీనియర్ అయిపోతాడు. ఆ ఇద్దరూ తండ్రీకొడుకులే కానక్కర్లేదు కూడా, ఒకే ఊళ్లో ఉన్న బాబాయీ అన్నకొడుకూ కావచ్చు.

పెద్దకొడుక్కి 21 ఏళ్లు నిండగానే తండ్రీ అతనూ కలిసి ఆస్తిని మళ్లీ కట్టుదిట్టం చేస్తూ ఇంకో దస్తావేజు రాసుకునే అలవాటు ఈ ఇళ్లలో బలంగా ఉంది. అది దొరికితే ఆ కొడుకు పుట్టిన సంవత్సరానికి పైహద్దు దొరికినట్టే. చర్చి రిజిస్టరు కాలిపోయినచోట ఈ లెక్కే దిక్కు.

రెండో రకం, ముగ్గురి ఆయుష్షు మీద రాసిన కౌళ్లు. ఇన్నేళ్లు అని కాక, పేర్లు రాసిన ముగ్గురిలో చివరివాడు బతికున్నంతకాలం కౌలు నడుస్తుంది. అందుకే ఎక్కువకాలం బతుకుతారని ఆశించి పిల్లల పేర్లు రాసేవారు, పక్కన వయసులు కూడా. కౌలు నడుస్తుండగా ఒకరు పోతే, కొంత సొమ్ము కట్టి కొత్త పేరు చేర్చే కౌళ్లు ఉన్నాయి. వాటిలో ఒక కొత్త పేరు వచ్చిందంటే పాత పేరు పోయినట్టు. ఒక హెచ్చరిక: ఆ ముగ్గురూ కౌలుదారు పిల్లలే అనుకోవద్దు. రాజుగారి కొడుకుల పేర్లు రాసిన కౌళ్లు బోలెడు ఉన్నాయి, వాళ్లు బతికున్నదీ లేనిదీ అందరికీ తెలుస్తుంది కాబట్టి.

విస్తీర్ణం దగ్గర కూడా బోల్తా పడతారు. మన ఎకరం 4840 చదరపు గజాలు, మధురవాడలో స్థలం కొన్నవాళ్లెవరికైనా నోటికి వచ్చే అంకె. ఐరిష్ ఎకరం 7840 చదరపు గజాలు. పాత కౌలులో 1000 ఎకరాలున్న ఎస్టేటు 19వ శతాబ్దపు సర్వేలో 1620 ఎకరాలు అయితే మధ్యలో ఎవరూ ఏమీ కొనలేదు, కొలత మారింది. డబ్బూ అంతే. 1826 దాకా ఐరిష్ పౌను వేరు, 13 ఐరిష్ పెన్నీలు 12 ఇంగ్లీషు పెన్నీలకు సమానం. 1752కి ముందు సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1720 అని ఉంటే మన లెక్కలో అది 1721. ఇది పట్టించుకోకపోతే పెళ్లికి ముందే బిడ్డ పుట్టినట్టు, తండ్రి పోయాక వీలునామా రాసినట్టు వస్తుంది.

తెలుగులో వంశవృక్షం రాసేవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంకోటి ఉంది. మనకు బంధుత్వం చెప్పే మాటలోనే తల్లివైపో తండ్రివైపో తేలిపోతుంది. ఇంగ్లీషు దస్తావేజులో "అంకుల్" అని ఉంటే అతను మామయ్యో బాబాయో పెదనాన్నో తెలియదు. "కజిన్" అన్న మాట అన్నకీ బావకీ మరదలికీ చెల్లెలికీ అన్నిటికీ సరిపోతుంది, దూరపు చుట్టానికీ అదే. అలాంటప్పుడు తొందరపడి "బావ" అని రాసేస్తే అతను మేనమామ కొడుకో మేనత్త కొడుకో అని మీరే సాక్ష్యం పలికినట్టు. ఇంకో కాగితంతో రుజువయ్యేదాకా కజిన్ అనే ఉంచండి. "బ్రదర్" అన్నచోట బావమరిది కావచ్చు. "సన్ ఇన్ లా" అని పాత కాగితాల్లో ఉన్నది సవతి కొడుకు కూడా కావచ్చు.

వధూవరులిద్దరి ఇంటిపేరూ ఒకటే ఉంటే మన కళ్లకు అది రాతపొరపాటులా కనిపిస్తుంది, సగోత్రం అని చెయ్యి ఆగిపోతుంది. అక్కడ అన్నదమ్ముల పిల్లలు పెళ్లి చేసుకోవడం చెల్లుతుంది, భూమి ఇంట్లోనే ఉండాలని చేసుకున్నవాళ్లు ఉన్నారు. దిద్దకండి. అలాగే దత్తత. మన జమీందారీల్లో కొడుకు లేకపోతే దత్తత కాగితం వెతుకుతాం. ఐర్లండ్‌లో చట్టబద్ధమైన దత్తత 20వ శతాబ్దం దాకా లేదు. ఆస్తి కూతురి కొడుక్కో మేనల్లుడికో పోతుంది, అతను అనుమతి తెచ్చుకుని తాతగారి ఇంటిపేరు పెట్టుకుంటాడు. ఇల్లరికం గుర్తుపెట్టుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇంటిపేరు ఆగకుండా నడుస్తున్నట్టు కనిపించినా రక్తం మధ్యలో ఆడపిల్ల మీదుగా మారి ఉంటుంది.

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మాత్రం అచ్చం మనదే. పెద్దకొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండోవాడికి తల్లివైపు తాత పేరు పెట్టడం తరచుగా కనిపిస్తుంది. ఫోర్డ్ ఇంట్లో మాథ్యూ అనే పేరు తరాల తరబడి వస్తుంది. మన ఫ్రాన్సిస్ కూడా ఒక మాథ్యూ కొడుకే. పేరు చూసి కాక ఊరూ భార్య పేరూ చూసి ఒక్కో మాథ్యూనీ వేరు చెయ్యాలి. ప్రతి మనిషికీ ఒక కాగితం పెట్టి, పేరు కింద ఊరు, పారిష్, బారనీ (కౌంటీలో ఒక భాగం), కౌంటీ రాసి, ప్రతి వాస్తవం పక్కన అది ఏ దస్తావేజులో ఉందో రాయడం నేను గట్టిగా చెప్పే పద్ధతి. సీఫోర్డ్ అయితే పారిష్ లాక్‌నైలండ్, బారనీ కినెలార్టీ. ఇవన్నీ లేకుండా ఒకే పేరున్న ఊళ్ల మధ్య తేడా తెలియదు.

కేథలిక్ కుటుంబమైతే 18వ శతాబ్దంలో ఈ రిజిస్ట్రీ పలచగా ఉంటుంది. 1704 చట్టం వాళ్లను భూమి కొననివ్వలేదు, 31 ఏళ్లకు మించి కౌలుకూ తీసుకోనివ్వలేదు. ఉన్న భూమిని కొడుకులందరికీ పంచాలి, పెద్దవాడు మతం మారితే మొత్తం అతనికే. మారినవాళ్ల పేర్లు కాన్వర్ట్ రోల్స్‌లో దొరుకుతాయి.

వీలునామాల అసళ్లు పోయినా వాటి నీడలు మిగిలాయి. పెద్ద ఆస్తిపరుల వీలునామాలు ప్రిరోగటివ్ కోర్టు అనే చర్చి కోర్టుకు వెళ్లేవి. 1536 నుంచి 1810 దాకా వాటి సూచికను ఆర్థర్ వికర్స్ 1897లో అచ్చువేశాడు. అంతకన్నా ముఖ్యం, వంశావళుల అధికారి సర్ విలియం బెథమ్ 1800కి ముందు వాటి నుంచి బంధుత్వాలన్నీ ఎత్తి రాసిపెట్టుకున్నాడు. ఆ నోటుపుస్తకాలు నిలిచాయి. 1858 నుంచి ఏటేటా అచ్చయిన వీలునామాల జాబితాలు ఉచితంగా చూడొచ్చు.

19వ శతాబ్దానికి వస్తే భూములకూ ఇళ్లకూ విలువ కట్టిన గ్రిఫిత్ వాల్యుయేషన్, 1847–1864. జెంట్రీ కుటుంబాన్ని ఇందులో అనుభవదారు గడిలో మాత్రమే వెతికితే చాలదు. పక్కనే ఉన్న "ఇమీడియట్ లెసర్" (కౌలుకిచ్చినవాడు) గడి చూడాలి. ఆ గడిలో "ఇన్ ఫీ" అని ఉంటే ఆ నేల అనుభవదారుడిదే. తర్వాత సంవత్సరాల్లో పేర్లు కొట్టేసి రంగు సిరాలతో కొత్తవి రాసిన సవరణ పుస్తకాల్లో ఆ గడిలో పేరు మారిందంటే చావో అమ్మకమో జరిగింది. కరువు తర్వాత అప్పుల్లో మునిగిన ఎస్టేట్లను అమ్మడానికి 1849లో ఎన్‌కంబర్డ్ ఎస్టేట్స్ కోర్టు పెట్టారు. అమ్మకానికి అచ్చువేసిన ప్రకటనల్లో పటాలు, కౌలుదార్ల పేర్లు, కౌళ్లలోని ఆయుష్షుల వివరాలు అన్నీ ఉన్నాయి.

ఇక బర్క్ అచ్చువేసిన ల్యాండెడ్ జెంట్రీ ఆఫ్ ఐర్లండ్ అనే వంశావళుల పుస్తకం. 1912 ప్రతి అందరూ వాడతారు. వాడండి, కానీ ఇంత దూరం వచ్చాక. అందులోది ఎక్కువగా ఆ ఇళ్లవాళ్లు పంపిన సమాచారం. అచ్చునాటికి దగ్గరి మూడు తరాలు బాగానే ఉంటాయి. పైకి పోయేకొద్దీ గొప్పలు పెరుగుతాయి. పసితనంలో పోయిన పిల్లలు, ఒక్కోసారి ఆడపిల్లలు ఉండరు. కొడుకుల్ని ముందు, కూతుళ్లని తర్వాత రాస్తారు కాబట్టి ఆ వరస చూసి పుట్టిన క్రమం అనుకోకూడదు.

చిన్నకొడుకుల్ని పట్టుకోవడానికి దారి మన తీరం మీదుగానే పోతుంది. ఎస్టేటు పెద్దవాడికి పోగా, మిగిలినవాళ్లు సైన్యంలోకో చర్చిలోకో కంపెనీ కొలువులోకో వెళ్లారు. 1789 నుంచి 1860 దాకా కంపెనీ సైన్యంలో చేరినవాళ్ల క్యాడెట్ కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటితోపాటు బాప్తిస్మ పత్రం నకలు జతచేసేవారు. అసలు రిజిస్టరు డబ్లిన్‌లో కాలిపోయినా, మద్రాసు రావాలని దరఖాస్తు పెట్టుకున్న కుర్రాడి పత్రం లండన్‌లో భద్రంగా ఉండొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు కూడా అక్కడే ఉన్నాయి. విశాఖ జిల్లా పెళ్లిళ్లు, ఖననాలు ఆ వరసలోనే వెతకాలి. బ్రిటిష్ ఇండియాలో బతికిన కుటుంబాల మీద పనిచేసే ఫిబిస్ సంస్థ సూచిక ఉచితం. ఆర్కైవ్స్‌కి ఫోన్ చేయాలంటే చలికాలంలో మన మధ్యాహ్నం రెండున్నర అయితే గానీ డబ్లిన్‌లో తొమ్మిది కాదు. వేసవిలో ఒకటిన్నర.

ఫ్రాన్సిస్ ఫోర్డ్ కాలం 1789కి ముందుది, పైగా ఆయన మొదట రాజుగారి 39వ రెజిమెంటులో వచ్చినవాడు. కాబట్టి క్యాడెట్ కాగితం ఉండదు, దస్తావేజుల మీదే ఆధారపడాలి. ఆయన సమాధి కోసం పాతనగరంలోని యూరోపియన్ శ్మశానంలోనూ సీఫోర్డ్‌లోనూ వెతికి లాభం లేదు. 1769లో కంపెనీ పంపిన ముగ్గురు పర్యవేక్షకుల్లో ఒకరిగా ఆరోరా ఓడలో బయల్దేరాడు. డిసెంబరులో దక్షిణాఫ్రికా కొసన కేప్ రేవు దాటిన ఆ ఓడ మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఖననం రిజిస్టరులో పేరు లేదు కాబట్టి కొందరు వంశవృక్షంలో 1770 అని ఒక తేదీ, ఏదో ఒక ఊరు వేసేస్తారు. అలా వేయకూడదు. చావు గడిలో "1769 డిసెంబరు తర్వాత, సముద్రంలో, ఆరోరా ఓడతో" అని రాసి, ఊరి గడి ఖాళీగా వదలాలి.